పోపు వేసిన రోజు

మా ఆయన సంఘ కాపరిగా వేములవాడ దగ్గరి ఒక నేతపనివాళ్ల ఊరికి వచ్చిన కొత్తలోనే అక్కడ అమ్మవారు పోసింది. మశూచి అనాలి గానీ, ఆ మాట అంటే అక్కడ ఊరుకునేవారు కారు.

తల్లిని పొలిమేర దాకా సాగనంపేవరకు ఏ ఇంట్లోనూ పోపు వేయకూడదట. నేను మిషన్ హాస్టల్లో పెరిగినదాన్ని. అక్కడ వండేది వంటమనిషి, నాకు వచ్చింది తినడమే. ఈ కట్టడి సంగతి తెలియక ఒక పొద్దున పప్పులో ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి కమ్మగా పోపు పెట్టాను. వాడంతా వాసన. మధ్యాహ్నానికి ఎదురింటి నేతాయన కూతురికి, ఒంటినిండా పోసి ఉన్న పసిపిల్లకు, మాట పడిపోయింది.

మా వాకిట్లో జనం పోగయ్యారు.

"పోపు ఏసింది గీ ఇంట్లనే! పోరికేమన్నయితే మిమ్ముల బతుకనియ్య," అన్నాడు పిల్ల తండ్రి. చేతిలో కర్ర. నేను తలుపు చాటుకు జరిగాను.

వాళ్లు కదలగానే మా ఆయన్ని బతిమాలాను. "కరీంనగర్ పోదాం పాండ్రి. బతికుంటె బలుసాకు తినచ్చు."

ఆయన మొండిఘటం. "నాకు చిన్నప్పుడే పోసింది, మళ్ల రాదు. ఆ పోరి తల్లికి గూడ పోసింది. చూసెటోళ్లెవరు?" అని వేపమండలు విరుచుకుని ఎదురింట్లోకి వెళ్లారు. దగ్గరికి వచ్చే దిక్కులేక ఆ తండ్రీ అడ్డు చెప్పలేదు. నాకేమో ఎన్నడూ పోయలేదు. ఒక్కదాన్నే వదిలి పోయారని ఒళ్లు మండింది.

తలుపు గడియ తీయకుండా కూర్చున్నాను. నేను చేసింది ప్రార్థన కాదు, బేరం: పిల్లను బతికించు తండ్రీ, మా ఆయన్ని చంపనీయకు. వాడలో చెప్పుల చప్పుడైతే చాలు, గడియ పడి ఉందో లేదో మళ్లీ చూసుకునేదాన్ని.

మర్నాడు పొద్దెక్కాక ఎదురింట్లో ఏడుపు లేచింది. కాసేపటికే మా తలుపు మీద దెబ్బలు. తీయకపోతే విరగ్గొడతారని తీశాను. పిల్ల తండ్రి. చేతిలో కర్ర లేదు.

"అమ్మగారు, పోరి పోయింది," అన్నాడు. "అయ్యగారు ఒళ్లెకెల్లి దించుతలేరు. మేం అడిగితె ఇస్తలేరు. మీరన్న వచ్చి చెప్పుండ్రి."

భయం పోయిందని అబద్ధం చెప్పను. వాడ దాటుతూ రెండుసార్లు మా గుమ్మం వైపు తిరిగి చూశాను. లోపల మా ఆయన గోడకు ఆనుకుని, ఆ పిల్ల పెదవులకు తడిగుడ్డ అద్దుతూనే ఉన్నారు.

"ఇగ చాలు. వాళ్ల బిడ్డను వాళ్లకియ్యిండ్రి," అన్నాను. ఇచ్చారు.

అప్పుడు మంచంలోంచి ఆ తల్లి, పొక్కులు చితికిన చేత్తో, నా చేయి గట్టిగా పట్టుకుంది. నాకు ఎన్నడూ పోయలేదన్నది గుర్తొచ్చింది. చేయి లాక్కోలేదు.