చముద్రం

మా ఊరు భావనపాడు నుంచి వచ్చిన ఎండు నెత్తళ్ల చేపల పొట్లం విప్పాను. ఆ ఉప్పు వాసనకి అమ్మ మాట ఒకటి గుర్తొచ్చి, మళ్లీ మూసేశాను.

నాన్న మా ఇంటి సంగతులే నవ్వొచ్చేలా పత్రికలకి రాసేవాడు. ఏదీ దాచేవాడు కాదు. పెళ్లిపీటల మీద తాళి పట్టుకుని తను దిక్కులు చూస్తుంటే అమ్మ, "ఏటి సూస్తన్నావు మావా, కట్టు!" అన్నదని కూడా రాసేశాడు. ఇక అమ్మ చేపల గంప దించిన ప్రతిచోటా జనం ఆమెని ఆ 'సూస్తన్నావు'తోనే పలకరించేవారు.

ఓ రోజు పత్రికవాళ్లు నాన్నని చూడ్డానికి ఇంటికొచ్చారు. అమ్మ మంచి చీర కట్టుకుని, నోటికొచ్చిన ప్రతి 'స'నీ జాగ్రత్తగా 'చ'గా మార్చుకుని, "కూచోండి. చాయంత్రం చముద్రం చూద్దురు గాని" అంది.

అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నాకప్పుడు ఎనిమిదేళ్లు. అమ్మ కూడా నాన్నలాగే జోకేసిందనుకున్నాను. నాన్న నవ్వుతూనే జేబులోంచి పెన్ను తీశాడు.

"అదీ రాసేస్తావేటి?" అంది అమ్మ, మెల్లిగా.

ఆ తర్వాత ఎవరొచ్చినా అమ్మ దండం పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయేది. గొంతు పోయిందేమో అనుకుని ఒకసారి మిరియాల పాలు కలిపి ఇచ్చాను. చివరి గుక్కదాకా తాగేసింది.

ఇవాళ నాన్న పుస్తకాలన్నీ ముందేసుకుని వెతికాను. తన పరువూ, ఊరి పరువూ తీసిన మాటలన్నీ ఉన్నాయి గానీ, చముద్రం మాత్రం ఎక్కడా లేదు. అమ్మ వద్దన్న ఆ ఒక్కటీ ఆయన రాయకుండా ఆగాడు.

నేనే, ఇదిగో, రాసేశాను.