పండుకున్న పక్షుల కోసం రెండు దినాలు

శనివారం పొద్దుగాల ఆరుంబావుకు గద్వాల బస్టాండ్ల పెబ్బేరు దిక్కు పోయే బస్సు ఎక్కినం, నేను, మా వదినె నర్సమ్మ. వదినె అంటె మా ఆయనకు అక్క. డెబ్బైకి దగ్గర పడ్డది. మోకాళ్లు ఇగ నా వల్ల కాదంటయి, నోరు మాత్రం ఎన్నడు అనలే. ఇద్దరి దగ్గర ఆధార్ కార్డులు ఉండె కాబట్టి జీరో టికెట్లే. సంచిల పన్నెండు జొన్న రొట్టెలు, పల్లికారం, రెండు సీసాల నీళ్లు, ఫోను ఛార్జరు. ఇంతే మా సామాను.

ఎందుకు పోయినమో ముందు చెప్త. మాది నేత ఇల్లు. మా మామ ఒక అంచు నేస్తుండె, పక్షుల వరుస. గద్వాలల ఇంకెవరి మగ్గం మీద ఆ అంచు లేకుండె. నది అవతల ఒక గుళ్ల రాయి మీద చూసి, పొద్దంత కూసొని గీసుకొచ్చుకున్న అని చెప్పెటోడు. ఏ గుడి అని మేం అడగలే, ఆయన చెప్పలే. నేను కోడలుగ వచ్చిన ఏడాదికే ఇల్లు కురిసి ఆ అంచు అట్టలు నానిపోయినయి. అట్టలంటె మగ్గం మీద కట్టే తూట్ల అట్టలు. బొమ్మంత ఆ తూట్లల్లనే ఉంటది. అవి పోతె బొమ్మ పోయినట్టే.

మామ పోయి ముప్పై ఏండ్లు దాటింది. ఆ అంచు నేసే కాలంల మా ఆయన చిన్నప్పుడే షోలాపూర్ల మగ్గం పనికి పోయి ఉండె, ఆయనకు గుర్తు లేదు. గుర్తున్నది మా ఇద్దరు ఆడోళ్లకే. మా చీరకు రెండు పక్కల అంచులకు పట్టు దారం మోసే నాడెలు వేరేగ నడుస్తయి, ఒక్క మనిషితోని కాదు, పక్కన ఇంకొకరు కూసొని నాడె అందియ్యాలె. చిన్నప్పుడు వదినె వాళ్ల నాయినకు ఎడమ పక్క కూసునేది. ఆమె పెండ్లయి పోయినంక నేనొచ్చి కుడి పక్క కూసున్న.

ఇప్పుడు మా ఆయనకు కుడి చెయ్యి పడిపోయి రెండేండ్లాయె. నేనే నేస్తున్న, వదినె పక్కన కూసుంటది. మొన్న మగ్గం మీది పడుగు అయిపోయింది. మాకు పట్టు, నూలు ఇచ్చే సావుకారిని, ఈసారి మా మామ అంచు వేస్త అని అడిగిన. బొమ్మ ఏది అన్నడు. సోమవారం పొద్దుగాల గ్రాఫు గీసెటాయన వస్తడు, అప్పటిదాక బొమ్మ తెస్తె అట్టలు కొట్టిస్త, లేకుంటె అందరికిచ్చిన నెమలి అంచే నీకు సుత అని తేల్చిండు. ఇంటికొచ్చి చెప్తె మా ఆయన మంచం మీదికెల్లి, "నువ్వు తెచ్చినట్టే" అన్నడు. ఆ మాట విన్నంక నాకు ఇంట్ల కూసోబుద్ధి కాలే.

బీచుపల్లి బ్రిడ్జి మీద కృష్ణ దాటుతుంటె మాకు కొట్లాట మొదలైంది. పక్షి పండుకొని ఉంటది, దాని మీద ఇంకో పక్షి, దాని మీద ఇంకోటి, గట్ల నిలువుగ పేర్చినట్టు ఉంటయి. ఇంతవరకు ఇద్దరం ఒక్కటే. తల ఎడమకు ఉంటదని నేను, కాదు కుడికే అని వదినె. నీకు అప్పుడు పదిహేనేండ్లు, మొగుడు ఎప్పుడొస్తడా అని వాకిలి దిక్కు చూస్తుంటివి, అంచు ఏం చూసినవని ఎత్తిపొడిసింది. ముందు సీట్ల పెద్దమందడి ఆమె ఒకతి మూటల మీద కూసొని ఉండె, పుణెల బిల్డింగు పని చేసి ఊరికి వస్తున్నదట. మా లొల్లి అంత ఇని, ఎగిరే పక్షికి తల ఏ దిక్కు ఉంటేంది పెద్దమ్మా అన్నది.

"ఎగిరిపోయిందనే గదనే ఇద్దరం బస్సెక్కింది" అన్నది వదినె.

ఏడున్నరకు పెబ్బేరుల దిగి చాయ తాగినం. అక్కడికెల్లి శ్రీరంగాపూర్‌కు ఆటోలు దొరుకుతయి, మనిషికి ముప్పై అడిగిండు. ఎనిమిదిన్నరకు గుడి ముందు ఉన్నం. మీరు పోతె ఆ యాళ్లకే పోండ్రి. మూడు దిక్కుల చెరువు నీళ్లు, నీళ్ల మీదికెల్లి చల్లటి గాలి, గాలిగోపురం మెడ విరిగేంత ఎత్తు. అందరు గోపురాన్ని ఫోన్లల్ల పట్టుకుంటున్నరు. మేము మాత్రం స్తంభాల పొంటి పడ్డం. ఒక్కొక్క స్తంభం అంచును కిందికెల్లి మీదికి, తలుపుల పక్క నిలువు రాళ్లను అడుగడుగు చూసినం. తీగలున్నయి, పూలున్నయి, ఏనుగులున్నయి. పండుకున్న పక్షి లేదు.

మండపంల పెద్ద అయ్యగారు ఒకాయన కూసొని ఉంటె అడిగిన, నిలువు వరుసల పండుకున్న పక్షులు ఈడ యాడనన్న ఉన్నయా అని.

"మా గుళ్ల పండుకున్నది రంగనాయకస్వామి ఒక్కడేనమ్మా" అన్నడు. "పక్షులు ఎవ్వి పండుకోలే."

పదకొండు దాక తిరిగి, రొట్టెలు తిని, బస్సుల వనపర్తి పోయినం. మామ చెప్పింది గుడే అయినా, దారిల ఉన్నదని వనపర్తి రాజుల మహల్ సుత చూసినం, అండ్ల ఇప్పుడు కాలేజీ నడుస్తది. వాచ్‌మెన్‌ను అడిగితె, లోపట గదులకు పోవద్దు, బయట ఎంతసేపన్న చూసుకోండ్రి అన్నడు. కమానులు, సున్నపు పూలు, పొడుగు వరండాలు మస్తుగ ఉన్నయి. ఇంత పెద్ద ఇంట్ల రాణులు ఒకరినొకరు పిలిస్తె వినపడుతుండెనా అని వదినె పరేషాన్ అయింది. గోడలు, కమానుల కాళ్లు అన్ని చూసినం. చిలుక లేదు, పిట్ట లేదు. ఆ పొద్దు బస్టాండ్ దగ్గర ఉండే మా సుట్టాల ఇంట్ల ఉండిపోయినం. పచ్చిపులుసు, అన్నం పెట్టి, ఎవరన్న చీర కోసం ఊర్లు తిరుగుతరుగని అంచు కోసం తిరుగుతరా అని నవ్విండ్రు. వదినె నవ్వలే.

ఐతారం ఆరున్నరకు నాగర్‌కర్నూల్ బస్సు. బిజినేపల్లిల దిగి ఆటోల నందివడ్డెమాను పోయినం. పాత రాతి గుడి, నున్నటి నల్ల స్తంభాలు, చెయ్యి పెడితె సల్లగ తగులుతయి. మీకు టైముంటె తప్పక చూడుండ్రి. మాకు కావాల్సింది అక్కడ సుత లేదు. పది దాటినంక నాగర్‌కర్నూల్ల ఇడ్లీ తింటుంటె, హోటల్ ఆయనకు మా సంగతి చెప్పిన. ఊరి బయట ఒక గుడి పక్కన, చుట్టుపక్కల పొలాలల్ల దొరికిన పాత రాళ్లన్ని తెచ్చి ఒక గదిల పెట్టిండ్రు, అది సుత చూడుండ్రి అన్నడు. వదినె బెంచీ మీద కాళ్లు చాపి, ఇగ నేను రాను, నన్ను గద్వాల బస్సు ఎక్కియ్యి అన్నది. ఒక్క గది చూసి పోదాం అని ఆటో పిలిసిన. తిట్టుకుంటనే ఎక్కింది.

మేము పోయేసరికి పదకొండున్నర. కాపలా ఆయన తాళం తీసి లైటు వేసిండు. చిన్న గదిగని నిండ ఉన్నది. కత్తి పట్టిన వీరుల రాళ్లు, నాగుల జంటలు, తల లేని అమ్మవారు. ఒక్కొక్క దానికి కింద కాయితం మీద పేరు. ముట్టుకోవద్దు, ఫొటో తీసుకోవచ్చు అన్నడు. చూసుకుంట మూలకు పోయిన. అక్కడ గోడకు ఆనిచ్చి మనిషెత్తు రాయి నిలబెట్టి ఉన్నది. దాని మీద పక్షులు, ఒకదాని మీద ఒకటి, పండుకొని. తల ఎడమకు.

వదినెను పిలిచి, చూడు, తల యాడున్నదో చూడు అన్న. వదినె దగ్గరికొచ్చి చూసి, పక్షి అయితె గిట్లనేగని తల ఈ దిక్కు కాదు, ఇది మా నాయినది కాదు అన్నది. నిజానికి మా మామది కాదు. ఇవి బాతుల లెక్క బలిసి ఉన్నయి, మాది మెడ పొడుగు. అయినా మళ్ల కొట్లాట పెట్టుకున్నం. కాపలా ఆయన ఇని ఇని, మీరిద్దరు ఏంది అమ్మా గిట్ల అని నడుమ వచ్చిండు.

"అది నిలువు రాయి కాదు పెద్దమ్మా. వాకిలి మీది అడ్డం రాయి. జాగ లేక నిలబెట్టినం. అడ్డం పెడితె అవి మంచిగ నడుస్తుంటయి."

వదినె మెల్లగ మెడ వంచి, చెవి భుజానికి తగిలేదాక వంచి చూసింది. నేను సుత వంచిన. పక్షులు లేచి నిలబడ్డయి. కాళ్లు కిందికి, తలలు మీదికి, ఒకదాని ఎనక ఒకటి నడుస్తున్నయి.

అప్పుడు మాకు తెల్సింది ఏం తప్పు చేసినమో. మగ్గం మీద చీర మన ముందటికెల్లి అటు పొడుగుగ పోతది, అంచు దాని పక్కన నిలువుగ పోతది. పక్షి కాళ్లు బయటి దిక్కు, తల చీర నడుమ దిక్కు ఉంటది. అందుకే నేసే మనిషికి పక్షి ఎప్పుడు పండుకొనే కనపడతది. ఎడమ అంచుల తల కుడికి, కుడి అంచుల తల ఎడమకు. వదినె కూసున్నది ఎడమ పక్క, నేను కుడి పక్క. ఇద్దరం అబద్ధం చెప్పలే. ఇన్నేండ్లు నేసిన మనిషికి ఇంత తెల్వదా అని మీరు అడగొచ్చు. తెలుసు. కాని ఆ చీర మగ్గం దిగంగనే మడతలు పెట్టి సావుకారికి ఇచ్చేది. ఎవరన్న కట్టుకుంటె మేమిద్దరం ఒక్కసారి సుత చూడలే. మా కండ్లల్ల పడ్డ పక్షి ఎట్ల పడ్డదో అట్లనే ఉండిపోయింది. రెండు దినాలు నిలువు రాళ్లే చూసినం, అడ్డం రాయి ఒక్కటి చూడలే.

బయటికొచ్చినంక వదినెకు చెప్పిన, ఇప్పుడు చూసిన గుళ్లన్ని మళ్ల చూడాలె, ముందు నదికి దగ్గరున్న శ్రీరంగాపూర్, నీకు చాతకాకుంటె నిన్ను గద్వాల బస్సు ఎక్కించి నేను పోత అని. వదినె అప్పటికే ఆటోల కూసొని ఉన్నది.

"నువ్వొక్కదానివే పోతె కుడి అంచు పక్షినే తెస్తవు" అని నాతోని, "పోనియ్యి" అని ఆటో ఆయనతోని అన్నది.

పన్నెండున్నరకు బస్సు, రెండు కొట్టంగ వనపర్తి, ఆడికెల్లి ఇంకో బస్సు. పెండ్లిండ్ల దినం అయి బస్సు నిండ జనం, వదినెకు సీటు ఇచ్చిండ్రుగని నేను నిలబడే వచ్చిన. మూడున్నరకు మళ్ల శ్రీరంగాపూర్. దిగంగనే కిరాణం దుకాణంల నాలుగు పతంగుల కాయితాలు, రెండు పెన్సిల్లు కొన్న. గుళ్లకు పోయి ఈసారి తల ఎత్తలే, కిందనే చూసుకుంట నడిసినం. మండపం అరుగుకు మోకాలెత్తున అడ్డం పట్టీ ఒకటి చుట్టూ పోతది. ముందు పక్క గుర్రాలు. పక్కకు తిరిగితె పూలు. ఎనక దిక్కు, నీళ్ల వైపు, సున్నం పూతల కింద పొడుగు మెడలు కనపడ్డయి.

వదినె ఒంగలేక కింద కూసున్నది. వేలు పెట్టి ఒక్కొక్క మెడ తడిమింది. ఒక పక్షి ముందుకు చూస్తది, దాని ఎనక పక్షి మెడ తిప్పి ఎనకకు చూస్తది, నోట్ల మొగ్గ ఉన్నది. మళ్ల ముందుకు, మళ్ల ఎనకకు. మెడ తిప్పినదాని దగ్గర వేలు ఆపి చాలాసేపు తియ్యలే. ఇదే, మా నాయినది ఇదే అన్నది. నాకు సుత అదే.

కాయితం పరుస్తుంటె అయ్యగారు వచ్చి ఆపిండు. నిన్నటి మనుషులే గదా, రాళ్ల మీద గీతలు పెట్టొద్దు అన్నడు. గీతలు కాదు, కాయితం పరిచి పైనకెల్లి పెన్సిలు రుద్దుతె బొమ్మ కాయితం మీదికి వస్తది, రాయికి ఏం కాదని నా చెయ్యి మీద పెట్టి చూపిచ్చిన. ఆయన పట్టీ దిక్కు చూసి, నిన్న ఇవే అడగరాదా అన్నడు. ఇవే అడిగినం అన్న. మీరు పండుకున్నవి అడిగిండ్రు, ఇవి నడుస్తున్నయి గదా అని నవ్వి, గాలికి కాయితం లేస్తుంటె ఆయననే ఒక కొస పట్టుకున్నడు. మెడ తిప్పిన పక్షికి రెండు కాయితాలు, ముందుకు చూసేదానికి ఒకటి, ఫోన్ల ఇరవై ఫొటోలు. సున్నం మందంగ ఉన్నకాడ కన్ను రాలే, అక్కడ వదినె గుర్తుతోని పెన్సిలు పెట్టింది. అయిదుంబావు అయింది.

పెబ్బేరుల గద్వాల బస్సు ఆరున్నరకు దొరికింది. ఇద్దరికి సీట్లు సుత దొరికినయి. రెండు దినాలల్ల మేము చూసినన్ని గుళ్లు, మహల్లు మా ఇంట్ల ఎవ్వరు చూడలే. మళ్ల పోతె గోపురం చూడాలని ఉన్నది, నాకు దాని రంగు సుత గుర్తు లేదు. మీరు పోతె గోపురం చూడుండ్రి, తర్వాత ఎనకకు పోయి, నీళ్ల దిక్కు ఒంగి అరుగు పట్టీ చూడుండ్రి.

బ్రిడ్జి దాటినంక కాయితం మా ఇద్దరి ఒళ్లల్ల పరుచుకొని, వదినెకు మనసుల మాట చెప్పిన. రేపు సావుకారికి కాయితం ఇచ్చేముందే చెప్త, మొదటి చీర మగ్గం దిగినంక ఒక్క పూట మాకు ఉండాలె, ఆ పూట నువ్వు కట్టుకొని మా ఆయన ముందు ఇంట్ల తిరుగాలె, ఆ పక్షులు నడుస్తుంటె అందరం చూడాలె, తర్వాతనే మడత. సావుకారు ఒప్పుకోకుంటె ఆయన నెమళ్లు ఆయన దగ్గరనే పెట్టుకోని.

వదినె కాయితం మీదికెల్లి తల ఎత్తలే.

"నేను కట్టను. నేను కడితె నాకెట్ల కనపడతది? నువ్వు కట్టు, నేను చూస్త."

నాకు మాత్రం ఎట్ల కనపడతది అని నేను. గద్వాల బస్టాండ్ల దిగేటప్పటికి ఏడు ముక్కాలు, అప్పటికి సుత ఎవరు కట్టాలన్నది తేలలే.