ముందు కరెంటు చూశారా?

కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం అతని పని. బజారంతా మోటారు మేస్త్రీ అనే పిలుస్తారు. ఎవరు మోటారు మోసుకొచ్చినా అతను ముందు అడిగేది ఒకటే: "కరెంటు వస్తోందో లేదో చూశారా?" చూడలేదంటే విప్పడు. బాగున్న మోటారును ఊరికే విప్పితే పాడవుతుందని చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపేస్తాడు.

షట్టరు దించగానే ఈ తెలివంతా ఏ గంగలో కలిసేదో! పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగకపోతే ఆస్పత్రికి భార్యనొక్కదాన్నే పంపాడు. ఆవిడ పొట్టకు రెండుసార్లు చిల్లులు పెట్టి కెమెరాతో చూశారు. లోపమేమీ కనబడలేదు. వీర్య పరీక్షకు రమ్మని డాక్టరమ్మ కబురు పెట్టినప్పుడల్లా, తన మగతనానికేం తక్కువని మీసం దువ్వేవాడు. తల్లి కోడల్ని గొడ్రాలని తిడుతుంటే వింటూ అన్నం తినేవాడు. ఆడలేక మద్దెల ఓడు అనడమంటే ఇదే.

భార్య పుట్టింటికి పోతానంటే గానీ కదల్లేదు మహానుభావుడు.

పరీక్షలో వీర్యకణం ఒక్కటీ కనబడలేదు. మరికొన్ని పరీక్షలయ్యాక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. మగతనం వేరు, వీర్యంలో కణాలుండటం వేరు. ఇతనికి వృషణాల్లో కణాలు తయారవుతున్నాయి, బయటికొచ్చే దారే మూసుకుపోయింది. సూదితో అక్కణ్ణుంచే తీయొచ్చు. భార్య అండాన్ని బయటికి తీసి, ల్యాబులో ఒకే ఒక్క కణాన్ని సన్నటి సూదితో అందులోకి ఎక్కిస్తారు. దాన్నే ఇక్సీ అంటారు. పిండం తయారైతే గర్భసంచిలో పెడతారు. అండాలు ఎదగడానికి ఆవిడ రోజూ ఇంజక్షన్లు చేయించుకోవాలి, మత్తిచ్చి వాటిని తీయాలి. ఇంతా చేస్తే గర్భం నిలుస్తుందన్న పూచీ లేదు.

అంతా విని మేస్త్రీ అడిగిన మొదటి మాట: "నాకు సూది గుచ్చేటప్పుడు నొప్పెడుతుందా అండీ?"

భార్య అతని మొహంలోకి చూసింది. ఆవిడకు అసహ్యం వేసింది.

ఆస్పత్రి మెట్ల దగ్గర అతను బతిమాలాడు. ఈ ఒక్కసారికి ఒప్పుకోమన్నాడు. లోపం తనదని మాత్రం అమ్మకు చెప్పొద్దన్నాడు.

"మోటారుకిచ్చిన మర్యాద కూడా నాకివ్వలేదు మీరు. కరెంటు చూడకుండానే నన్ను రెండుసార్లు విప్పించారు. ఇక విప్పనివ్వను" అందావిడ. అటునుంచి అటే పుట్టింటికి బస్సెక్కింది.

మర్నాడు ఒకాయన మోటారు తెచ్చి దుకాణం ముందు దించాడు. తిరగడం లేదన్నాడు. మేస్త్రీ ఏమీ అడగలేదు. తలొంచుకుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.