చుక్కమ్మ నాకేసిన మంచు

నేను నీటిరంగులతో బొమ్మలు వేస్తాను. కొండలు, పొలాలు, గొర్రెలు, ఆవులు, కాస్త ఓపికగా కూర్చునే పిల్లులు. ఇదేమీ ప్రమాదకరమైన వృత్తి కాదని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని, నా బొమ్మ మూలంగా ఒక పొద్దున్న పశువుల డాక్టరు టిఫిను మధ్యలో వదిలేసి మా పెరట్లోకి పరుగెత్తుకొచ్చేదాకా. ఆ పూట సాలూరు నుంచి వచ్చిన బండి ఖాళీగా వెనక్కి పోయింది. సగం ఊరు మా గోడ మీంచి తొంగి చూసింది. మధ్యలో నేను, చేతిలో కుంచె. ఎలా జరిగిందో చెబుతాను. మీకు నవ్వొస్తే ఆపుకోకండి, మా ఊళ్ళో ఎవరూ ఆపుకోలేదు.

అప్పటికి పెళ్ళయి ఏడాది కాలేదు. మేమిద్దరం ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. మా పుట్టిల్లు విజయనగరం. నాన్న వయొలిన్ పాఠాలు చెబుతారు. ఆ ఇంట్లో ఎవరూ ఏ పనీ తొందరగా చేయరు, రాగం పూర్తయ్యాకే పాలు దించుతారు, ఈలోగా అవి పొంగిపోతే పోతాయి. అత్తవారిది చీపురుపల్లి నుంచి రాజాం వెళ్ళే దారిలో ఓ పల్లెటూరు. వాళ్ళది వ్యవసాయం. ఇక్కడ సూర్యుడు లేచేసరికే మా అత్త సగం పని ముగించి, ఇతనేమిటి ఇంత ఆలస్యం అన్నట్టు తూర్పు వైపు చూస్తుంది.

రాజాంలో కాలేజీ ఉద్యోగం చేసే మా ఆయన బస్సెక్కేయగానే నేను అరుగు మీద కాగితం పరుచుకుని కూర్చునేదాన్ని. నీటిరంగుల్లో సగం పని ఎదురుచూడటమే. కాగితాన్ని తడిపి రంగు వదిలితే, అది తనకిష్టమైన దారిన మెల్లగా పాకుతూ పోతుంది. ఎక్కడ ఆగుతుందో దానికే తెలియదు. అది ఆరేదాకా మనం చేయగలిగిందల్లా దూరంగా కొండ మీద కమ్ముకున్న మంచునో, కోత అయిపోయిన మళ్ళలో దిగే కొంగలనో చూస్తూ ఉండటమే. అలా చూస్తుంటే నేనెక్కడున్నానో, ఏ ఇంటి కోడలినో కూడా మరిచిపోయేదాన్ని. అదంతా పనే. చూసేవాళ్ళకి మాత్రం అలా కనబడదు.

"ఏటి సేస్తన్నావమ్మీ?" అని అడిగేది అత్త.

"బొమ్మ వేస్తున్నానత్తా."

"సెయ్యి కదల్డం లేదు కదా?"

"తడి ఆరుతోంది."

"మరయితే అది ఆరినంతసేపూ ఈ పెసలేరు" అని చేట తెచ్చి నా ఒళ్ళో పెట్టేది.

కోపం కాదు. నేను వేసేవాటిని 'ఆ గీతలు' అనేది, అంతే. నా బొమ్మ ఒక్కటైనా ఆవిడ బాగుందంటే వినాలని నాకు మహా కోరికగా ఉండేది. ఇంతలో చుక్కమ్మ సంగతి వచ్చింది.

చుక్కమ్మ మా ఆవు. గోధుమ రంగు ఒళ్ళు, నుదుటి మీద తెల్లని చుక్క, కుడి కొమ్ము చివర కాస్త విరిగింది. దూడగా ఉన్నప్పుడు తల్లి పోతే అత్తే పాలు పట్టి పెంచింది. ఇంట్లో ఎవరితోనూ చెప్పని కబుర్లు దానితో చెబుతుంది. మా ఆడపడుచు భర్త రమణన్నయ్యకి సాలూరులో లారీలున్నాయి. ఆయన కొత్త ఇల్లు కట్టుకుని, భోజనానికి వచ్చినప్పుడు విస్తరి ముందు కూర్చుని నోరు తెరిచి అడిగాడు.

"కొత్తింటి ముందర ఆవుంటే ఆ కళే వేరు మావా. సుక్కమ్మని నాకిచ్చీ."

అల్లుడు అడిగితే కాదనే అత్తమామలు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా పుట్టలేదు. "నీదనుకుని తోలుకెల్లిపో బాబూ" అన్నాడు మావయ్య. అత్త నవ్వుతూ అన్నయ్యకి ఇంకో గరిటె పప్పు వడ్డించింది. ఆ పూట తను మాత్రం తినలేదు.

ఆవును తీసుకెళ్ళడానికి బండి వచ్చేది రేపు పొద్దున్న అనగా, అత్త నా దగ్గరికొచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"అమ్మీ, సుక్కమ్మ బొమ్మొకటేసి పెట్టు."

నా చెవులను నేనే నమ్మలేదు. "ఫోన్లో ఫోటో తీయనా అత్తా?" అన్నాను తెలివితక్కువగా.

"ఫోను నీ సేతిలో ఉంటాది. గోడైతే నాకాడుంటాది. అది ఎల్లిపోనాక పొద్దున్నే లేసి దాని మొకం సూడాల కదా" అంది.

నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. ఈ బొమ్మ కుదిరితే ఈ ఇంట్లో నేను చిత్రకారిణిని. కుదరకపోతే జన్మంతా పెసలేరుకోవడమే.

మర్నాడు తెల్లవారకముందే లేచాను. పెరడంతా మంచు. పాక కనబడదు, గడ్డిమేటు కనబడదు, ఎక్కడో చుక్కమ్మ నెమరు వేస్తున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. దాని మెడ వంపు అందంగా రావాలని పలుపు కాస్త వదులు చేసి కట్టాను. ఈ ముక్క గుర్తుంచుకోండి, నా తెలివికి ఇది మొదటి నమూనా. చెక్కపలకకి అంటించిన కాగితాన్ని పీట మీద వాల్చి నీళ్ళతో తడిపాను. నీలంలో కాస్త బూడిద రంగు కలిపి వదిలాను. అది పాకింది. మంచులోకి మంచు పాకుతున్నట్టే ఉంది. ఆ హాయిలో పడి కొండ వేశాను, తాటిచెట్లు వేశాను, వాటి మీద మళ్ళీ మంచు వేశాను.

అత్త వచ్చి చూసింది. "ఆవేది?"

"మంచులో ఉందత్తా."

"బయటికి తే. దానికి సలేస్తాది."

న్యాయమైన మాటే. చుక్కమ్మను బయటికి తెచ్చాను. ముఖం పెద్దదిగా, నుదుటి చుక్క, విరిగిన కొమ్ము, కింద చెమ్మగా మెరిసే ముక్కు. ఆ కన్ను వేస్తుంటే నా చేయి నాది కాదనిపించింది. ఆవు కళ్ళలో ఉండే ఆ నిదానం, ఏదో గుర్తొచ్చి మళ్ళీ మరిచిపోయినట్టుండే ఆ చూపు, అన్నీ వచ్చేశాయి. అంత మంచి కన్ను నేను అంతకుముందు వేయలేదు. అత్త చాలాసేపు చూసి, "అచ్చం అదే" అంది. ఆ రెండు మాటలకి నేను నేల మీద లేను.

అక్కడితో ఆపితే ఈ కథే లేదు.

నీటిరంగులవాళ్ళకి ఒక చిట్కా ఉంది. రంగు తడిగా ఉండగానే ఉప్పురాళ్ళు చల్లితే, ఒక్కో రాయి తన చుట్టూ ఉన్న రంగును లాక్కుని చిన్న తెల్లపువ్వులాంటి మచ్చ వదులుతుంది. మంచు కురుస్తున్నట్టే ఉంటుంది. ఆరాక ఉప్పు దులిపేయాలి. మంచు చాలదనిపించింది నాకు.

"అత్తా, గుప్పెడు రాళ్ళుప్పు ఇస్తావా?"

"ఎందుకూ, బొమ్మొండుతున్నావేటి?" అంటూనే తెచ్చిచ్చి, కుడితి కలపడానికి లోపలికి వెళ్ళింది. ఆ కుడితిలో రోజూ ఉప్పు వేస్తారని, పశువులకి ఉప్పంటే ప్రాణమని ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. వయొలిన్ పాఠాల మధ్య పెరిగిన నాకు తెలియదు. ఆవంటే నా దృష్టిలో రెండు గోధుమ రంగులు, ఒక నీడ, అంతవరకే.

ఉప్పు చల్లి, ఆరాలి కదా అని గోడకి ఆనుకుని కూర్చున్నాను. మంచులోంచి సూర్యుడు పాలలో వేసిన పసుపుముద్దలా పైకి వస్తున్నాడు. కొంగలు ఒక్కొక్కటే తేలి మళ్ళీ కలిసిపోతున్నాయి. ఈ బొమ్మ గోడ మీద ఉంటుంది, వచ్చిన వాళ్ళందరికీ అత్త చూపిస్తుంది, 'మా కోడలేసినాది' అంటుంది, వాళ్ళు తమ ఆవుల్ని కూడా వేయమని నన్ను బతిమాలతారు... పక్కన సర్రు సర్రుమని గరుగ్గా చప్పుడవుతోంది. ఎవరో వాకిలి ఊడుస్తున్నారనుకున్నాను. ఎంత శ్రద్ధగా ఊడుస్తున్నారో అని కూడా అనుకున్నాను.

తిరిగి చూసేసరికి చుక్కమ్మ నా పీట దగ్గరుంది. కొండ లేదు. తాటిచెట్లు లేవు. తన ముఖం తనే నాకేసి, మిగిలిన ఒక్క కొమ్ము కొస మీద ఉన్న ఆఖరి ఉప్పురాయి కోసం నాలుక సాచింది. ఆ నాలుక నీలంగా ఉంది. మూతి కూడా నీలమే. అంతా అయ్యాక, ఇంకో కాగితం లేదా అన్నట్టు నా వంక చూసింది. నేను వేసిన ఆ చూపే.

సరిగ్గా అప్పుడే బయట బండి హారను మోగింది. రమణన్నయ్య నేరుగా పెరట్లోకొచ్చాడు, వెనకే మావయ్య.

"మావా, ఆవు నాలిక నీలంగా ఉన్నాదేటి? పాము గాని ముట్టినాదా?"

మావయ్య ముఖం పాలిపోయింది. కుడితి బాల్చీతో వచ్చిన అత్త దాన్ని అక్కడే వదిలేసి చుక్కమ్మ మెడ పట్టుకుంది. నేను పలకను వెనక్కి దాచుకున్నాను. ఒక్క క్షణం పాము మీదికే నెట్టేద్దామా అనిపించింది. కానీ ఆ రంగుల్లో ఏ విషముందో ఏమిటో, ఆవుకేమైనా అయితే?

"పాము కాదన్నయ్యా. బొమ్మ" అన్నాను.

ఫోను వెళ్ళింది, డాక్టరు వచ్చాడు. వస్తూనే నన్నడిగాడు.

"ఏం తిన్నదమ్మా?"

"మంచండీ."

"మంచా? ఇంకా?"

"ఒక కొండ, రెండు తాటిచెట్లు."

ఆయన చేస్తున్న పని ఆపి తలెత్తాడు. "నిజంగా తిన్నవి చెప్పమ్మా."

"ఒక ఆవు కూడా ఉందండీ."

"ఏ ఆవు?"

"ఇదేనండీ."

అప్పటికే గోడ మీంచి తొంగి చూస్తున్న జనం మొదలెట్టిన నవ్వు సంక్రాంతి దాకా ఆగలేదు. డాక్టరు నా రంగు గొట్టాలన్నీ తెప్పించి ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చదివాడు. ఎంత రంగు వాడావని అడిగాడు. మంచు కదండీ, నీళ్ళే ఎక్కువ అన్నాను. "అదే మేలైంది. ప్రాణానికేం భయం లేదు. కానీ కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండండి, ఇప్పుడైతే బండెక్కించొద్దు" అని చేతులు కడుక్కున్నాడు. రమణన్నయ్య వచ్చేవారం వస్తానని ఖాళీ బండితో వెళ్ళాడు.

ఆయన బండెక్కేలోగా, ఆయన వినేట్టు అత్త నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ నోరు తెరిచి ఒకే ఒక్కటి అడిగితే అదీ నేను చేసిపెట్టలేకపోయాను. అయితే మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే పెరుగు మీది మీగడంతా నా కంచంలోనే ఉంది. పొరపాటున పడిందనుకున్నాను. చెప్పాను కదా, నా తెలివి అంతంతమాత్రం.

బండి మళ్ళీ వచ్చే రోజు తెల్లవారుజామున అత్తే నన్ను లేపింది. అరుగు మీద పీట వేసి ఉంది, దాని మీద కొత్త కాగితం. పక్కన చిన్న చిన్న గిన్నెల్లో రంగులు, పసుపు నీళ్ళు, బీట్‌రూట్ రసం, శంఖుపూలు మరిగించి తీసిన నీలం. అంత లోతైన నీలం నా గొట్టాల్లో ఏదీ ఇవ్వలేదు. వాటి పక్కన ఇంకో గిన్నె నిండా రాళ్ళుప్పు.

"రంగులు నానే సేసినాను. కడుపులోకెల్లినా ఏటీ కాదు. బేగి ఎయ్యి" అంది.

"అత్తా, ఉప్పు చల్లితే అది మళ్ళీ నాకేస్తుంది."

అత్త ఒకసారి వీధి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"నాకనీ."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ మీగడ, ఆ తిట్లు, అన్నీ. అల్లుడికి లేదని చెప్పలేని మనిషి వారం రోజులుగా శంఖుపూలు ఏరుతోంది. ఆవిడ మీద నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. ఆ పొద్దున్న వేసినంత స్వేచ్ఛగా మళ్ళీ ఎప్పుడూ వేయలేదు. ఉప్పు గుప్పిళ్ళతో చల్లాను. అత్త పలక పట్టుకుంది. చుక్కమ్మను పిలవాల్సిన అవసరం రాలేదు.

రమణన్నయ్య వచ్చి ఆవు నాలుక చూశాడు, ఖాళీ కాగితం చూశాడు, నన్ను చూశాడు. చాలాసేపు తల గోక్కున్నాడు.

"మావా, ఈ ఆవు నాకొద్దు."

"అదేటి బాబూ అలాగంటావు?" అన్నాడు మావయ్య కంగారుగా.

"నిన్నగాక మొన్నే ఇల్లంతా రంగులేయించినాను. ఇది వొచ్చి గోడలు నాకీసినాదంటే నానేటైపోవాల?"

అత్త అల్లుణ్ణి ఎంతో బాధపడుతూ ఓదార్చి, లోపలికి తీసుకెళ్ళి, కడుపు పగిలేట్టు వడ్డించింది. తనూ రెండు మారులు వడ్డించుకుని తింది.

ఆనాడే చుక్కమ్మ ఎదుట నిలబడి, కుంచె చేతబట్టి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్ళీ ఏ పశువు దగ్గరా తడి కాగితం మీద ఉప్పు చల్లను. మా ఇంటి అల్లుడెవరైనా ఆవును అడిగితే మాత్రం ఆ పూటకి ఈ ప్రమాణం చెల్లదు. అత్తకి ఇంకో కూతురు లేదు కనక ప్రస్తుతానికి నిష్ఠగానే ఉన్నాను.