పక్క సీటు

దొరవారిసత్రంలో నేను బస్సెక్కేసరికి ఒక్క సీటే ఖాళీగా ఉంది. దాని మీద స్కూలు బ్యాగు, కిటికీ పక్కన పదేళ్ళ పిల్ల. ముందు సీట్లో చంటిబిడ్డతో వాళ్ళమ్మ నిద్రపోతోంది.

“బ్యాగు తీస్తావా అమ్మా?” అన్నాను.

ఆ పిల్ల వెంటనే తీయలేదు.

“నాకు ఆయాసం ఉండాదక్కా. మధ్యలో మందు పీల్చుకుంటా. అంటుకోదులే, డాక్టరు చెప్పినాడు.”

“నాకు తెలుసు. కూర్చోనా?”

బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి తనే మాట్లాడింది.

“బళ్ళో నా పక్కన ఎవురూ కూచోరు. అందుకే ముందే బ్యాగు పెట్టేస్తా. చోటు లేక కూచోలేదని అనుకుంటా.”

బ్యాగు బరువుగా ఉందేమోనని అడిగి తీసుకుని, నా ఒళ్ళో పెట్టుకున్నాను.

నాయుడుపేట దాటాక నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వినిపిస్తోంది. నా భుజం మీద ఎవరైనా నిద్రపోయి చాలా ఏళ్ళయింది.

నేను గూడూరులో దిగాలి. బస్సు అక్కడ ఆగింది, మళ్ళీ కదిలింది. ఆ పిల్ల లేస్తుందేమోనని కదలకుండా, నెల్లూరు దాకా అలాగే కూర్చున్నాను.