గంజి పెట్టిన బ్యాటు

మొన్న ఆదివారం పొద్దున పేపరు చదువుకుంటూ ఉంటే వీధిలో టంగుమని ఒక శబ్దం వినబడింది. కాస్త ఆగి మళ్లీ టంగుమంది. లేచి బయటికి వచ్చి చూస్తే, భుజాన పెద్ద విల్లు వేసుకుని దూదేకే మనిషి ఒకతను నరం మీటుకుంటూ పోతున్నాడు. ఇప్పుడు మా ఎమ్మిగనూరులో కూడా పరుపులు అంగట్లో తయారుగా దొరుకుతాయి, పాత దూది ఏకించుకునే ఓపిక ఎవరికీ లేదు. అయినా అతన్ని పిలిచి, అటక మీది నుంచి ఒక పాత పరుపు దించి ముందు వేశాను. దాన్ని నిరుడే పారేయాలనుకున్నాం గదా అని మా ఆవిడ సువర్ణ నిలదీసింది. ఆమె నా ముఖం చూసి నవ్వి, "నీకు కావాల్సింది దూది కాదులే, ఆ సప్పుడు" అని లోపలికి పోయింది. నలభై ఏళ్లు దాటిన కాపురంలో దాచడానికి ఏం మిగులుతుంది?

ఆ శబ్దం వింటే నాకు దస్తగిరన్న గుర్తొస్తాడు. డెబ్బైల చివర్లో ఆదోనిలో ఒక పత్తి మిల్లుకు సొంత బాల్ బ్యాడ్మింటన్ జట్టు ఉండేది. దస్తగిరన్న దానికి కెప్టెన్. ఈ కాలం పిల్లలకు ఆ ఆట ఏమిటో కూడా చెప్పాలి. ఈకల కాక్‌తో ఆడేది కాదు, పసుపుపచ్చ ఉన్ని బంతితో ఆడేది. నెట్టుకు ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. ఇరవై తొమ్మిది పాయింట్లకు ఒక ఆట, మూడింట్లో రెండు గెలిచినవాళ్లదే మ్యాచ్. మేం పేరుకు మిల్లు పనివాళ్లం, నిజానికి మమ్మల్ని పనిలో పెట్టుకున్నది ఆడడానికే. మధ్యాహ్నం దాకా పత్తి బేళ్లు లెక్కపెట్టడం, ఆ తర్వాత గోదాము వెనక గరుసు పరిచిన కోర్టులో నీళ్లు చల్లి, పొద్దు వాలేదాకా ప్రాక్టీసు. పత్తి రావడం మొదలైనప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా మా సీజను. జాతరకో ఉరుసుకో ఏ ఊళ్లో పందేలు పెడితే ఆ ఊరికి పత్తిగింజల లారీలో మూటల మీద కూర్చుని పోయేవాళ్లం.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంట్లో పుట్టినవాణ్ణి. మోచేతి బలం ఉందని జట్టులో వెనక వరసలో ఆడించేవారు. కానీ మిల్లులో నాది బదిలీ పని, ఎప్పుడు వద్దంటే అప్పుడు ఇంటికి పోవాల్సిందే. ఆలూరులో సువర్ణను చూసి వచ్చాం, ఆమెకు నేను నచ్చాను, నాకు ఆమె మరీ నచ్చింది. వాళ్ల నాయన మాత్రం బదిలీ పనోనికి పిల్లనిచ్చేది లేదని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ ఏడు సీజను మొదట్లో మిల్లు సాహుకారు మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఎమ్మిగనూరు పందెంలో షీల్డు తెస్తే బదిలీ వాళ్లను పర్మనెంటు చేస్తానని, తేకపోతే జట్టే ఎత్తేస్తానని చెప్పాడు. మిగతావాళ్లు షీల్డు గురించి ఆలోచించి ఉంటారు. నేను సువర్ణ గురించే ఆలోచించాను. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

దస్తగిరన్నకు అప్పటికి నలభై దాటాయి. బక్కపలచని మనిషి, ఎప్పుడూ తెల్ల బనియను, మడమల మీదికి మడిచిన పైజామా. వాళ్లది తరతరాలుగా దూదేకే ఇల్లు. ఏకే వింటికి నరం బిగించడం చిన్నప్పుడే వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి మా బ్యాట్లకు గట్ నరాలు కట్టేది కూడా ఆయనే. కోర్టు పక్కన చాప వేసుకుని కూర్చుని, ఒక్కో నరం లాగి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. నచ్చకపోతే విప్పేసి మళ్లీ మొదలు. ఆయన కళ్లు మూసుకుని వినే తీరు చూసి మేం నవ్వుకునేవాళ్లం. ఎవరి బ్యాటు వాళ్ల చేతిని బట్టి కట్టేవాడు. తన బ్యాటును మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, మ్యాచ్ అయిన వెంటనే తువ్వాల్లో చుట్టేసేవాడు.

నా బ్యాటు వదులుగా కట్టాడు. మొదటి పందెం కోడుమూరులో. నేను బలం కొద్దీ కొట్టిన బంతులన్నీ వెనక గీత దాటి, జనంలోకి పోయి పడ్డాయి. ఒకటి బజ్జీల మూకుడు పక్కనే పడింది, ఆ అంగడామె బంతితో పాటు నన్నూ నాలుగు తిట్టింది. ఎట్లాగో గెలిచాం, కానీ నాకు తల కొట్టేసినట్టయింది. లారీ ఎక్కాక, నరం బిగించమని దస్తగిరన్నను అడిగాను.

"వదులు నరం బంతిని తనే తోస్తాదప్పా. నువ్వు దావ సూపిస్తే సాలు" అన్నాడు. "బిగువు నీ సేతిలో ఉండాది. ఆడ తగ్గించు."

నాకా మాట ఎక్కలేదు. పక్కన కూర్చున్న బసన్న, మా ముందు వరస ఆటగాడు, నా చెవిలో ఊదాడు. దస్తగిరన్న తనకు బిగువుది కట్టుకుని మనకు వదులుది ఇస్తాడని, లేకపోతే తన బ్యాటును ఎవరికీ ఎందుకు చూపించడని. నాకూ నిజమే అనిపించింది. దస్తగిరన్న చేతిలో బంతి ఎక్కడ పడమంటే అక్కడ పడేది. నాది పడదు. తేడా బ్యాటులోనే ఉందనుకోవడం నాకు సులువుగా ఉండింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

అట్లాగని ఆ సీజను కష్టంగా గడిచిందని కాదు. ఇప్పుడు తలుచుకుంటే అంత సుఖంగా ఎప్పుడూ లేనేమో అనిపిస్తుంది. తుగ్గలిలో గెలిచిన రోజు ఒక రైతు మమ్మల్ని ఇంటికి పిలిచి జొన్నరొట్టెలు, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పెట్టాడు. దస్తగిరన్న రొట్టె తుంచుకుని, పొయ్యి దగ్గరున్న ఆ ఇంటి అవ్వతో వాళ్ల ఊరి వానల గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. మాకు చెప్పకుండా ఆమె చిరిగిన బొంతను ఎండలో వేయించి, దూది విదిలించి సర్ది వచ్చాడు. ఆలూరులో ఆడిన రోజు జనం చివర్న ఆడవాళ్లలో సువర్ణ నిలబడి ఉంది. నేను అటు చూస్తూ సర్వీసును నెట్టుకు కొట్టాను. దస్తగిరన్న తర్వాతి సర్వీసు ముందు నన్ను కోర్టు ఇటు పక్కకు మార్చాడు, ఆమె నా వెనక్కి వచ్చేటట్టు. ఆ మ్యాచ్ గెలిచాం.

అట్లా గెలుచుకుంటూ ఎమ్మిగనూరు జాతర పందెంలో ఫైనలుకు వచ్చాం. సొంత ఊరు కాబట్టి ముందు రోజు ఇంటికి పోయి పడుకున్నాను. తెల్లవారి లేచి చూస్తే చలికాలపు మంచుకు నా బ్యాటు నరాలు ఇంకా సడలినట్టు అనిపించాయి. అప్పుడు నేను చేసిన పని నేతగాని ఇంట్లో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ చేయడు. పడుగు నూలుకు పెట్టడానికి మా అమ్మ కాచిన గంజి కడవలో ఉంది. సడలిన నూలుకు గంజి పట్టించి ఎండలో ఆరేస్తే కమ్మీలాగా బిగుస్తుందని నాకు ఉగ్గుపాలతో తెలుసు. గుడ్డతో గంజి ముంచి నరాలన్నిటికీ ఒకటికి రెండు సార్లు పట్టించి, మేడ మీద ఎండలో పెట్టాను. రెండు గంటల్లో బ్యాటు ఫెళఫెళలాడింది. మీటితే గట్టిగా పలికింది. దస్తగిరన్నకు తెలియకుండా ఆయన పనిని నేనే సరిదిద్దానని లోపల్లోపల పొంగిపోయాను.

మధ్యాహ్నం మ్యాచ్‌కు ముందు చేయి ఆడించుకోవడానికి నాలుగు బంతులు కొట్టాను. దస్తగిరన్న అవతల నిలబడి బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. ఒకసారి తలెత్తి నా వైపు చూశాడు. తర్వాత ఎక్కడికో పోయి, కాసేపటికి వచ్చాడు.

మొదటి ఆట మాది. అనుకున్నట్టే నా దెబ్బలు గీత లోపలే పడ్డాయి, అవతలివాళ్లు ఎత్తలేకపోయారు. రెండోది వాళ్లు గెలిచారు. మూడో ఆటలో పదిహేడుకు ఇరవై, వాళ్లది పైచేయి. నా వైపు ఎత్తుగా వచ్చిన బంతిని బలమంతా పెట్టి కొట్టాను. టప్పుమంది. నడిమి నరాలు మూడు ఒకేసారి తెగి, బంతి నా కాళ్ల దగ్గర పడింది. పాయింటు పోయింది. నా చేతిలో ఒట్టి చట్రం మిగిలింది. మాకున్నది అయిదు బ్యాట్లే, ఆరోది ఆలూరులోనే విరిగింది. జనంలో మా వీధివాళ్లు, మా నాయన, అటు చివర సువర్ణ నాయన. అక్కడికక్కడే నేల చీలితే బాగుండుననిపించింది.

దస్తగిరన్న రెఫరీకి చేయెత్తి చూపి, నీళ్ల కడవ వెనకకు పోయి, గుడ్డలో చుట్టిన ఒక బ్యాటు తీశాడు. పందెంలో ముందే ఓడిన ఎమ్మిగనూరు కుర్రాళ్ల జట్టుది. అది నాకిస్తాడనుకుని చేయి చాపాను. ఆయన దాన్ని తను పట్టుకుని, తన బ్యాటును నా చేతిలో పెట్టాడు.

"అన్నా, ఇది నీది" అన్నాను.

"తెలియని బ్యాటుకు సెయ్యి కుదిరేదానికి నాకు రెండు బంతులు సాలు. నీకు రెండు దినాలు పడతాది. ఆడు" అన్నాడు.

వేలితో నరం నొక్కి చూశాను. ఎంత వదులుగా ఉందంటే, నా బ్యాటు అంత వదులుగా ఎన్నడూ లేదు. జట్టులో అందరికంటే వదులు బ్యాటు ఆయనదే. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ఇన్నేళ్ల తర్వాత కూడా అట్లాగే ఉంది. ఆ చేతికి ఆ బ్యాటు తోడయితే ఇక బలం అక్కరలేదు. నాకు తనకున్న దాంట్లో మంచిదే కట్టి ఇచ్చాడు, నేనే దానికి వంక పెట్టాను.

మొదటి బంతి పాత అలవాటుకొద్దీ కొట్టి గీత దాటించాను. రెండోదానికి మోచేయి సడలించి, తాకీ తాకనట్టు దారి చూపించాను. అది తనే పోయి అవతల మూలన కూర్చుంది. ఆ తర్వాత లెక్క నాకు గుర్తు లేదు. అరువు బ్యాటుతో దస్తగిరన్న తడబడుతూనే ప్రతి బంతిని నాకు వీలుగా వచ్చేటట్టు ఎత్తి ఆడాడు. ఇరవై తొమ్మిదికి ఇరవై ఆరు. షీల్డు మాది. బసన్న నన్ను భుజాల మీదికి ఎత్తాడు. జనంలో సువర్ణ నాయన మా నాయన దగ్గరికి పోయి బీడీ ఇవ్వడం పైనుంచి నాకు కనిపించింది.

సాయంత్రం లారీలో ఆదోనికి పోతూ తెగిన బ్యాటును దస్తగిరన్న ఒళ్లో పెట్టి, చేసింది చెప్పేశాను. బసన్న మాట నమ్మిన సంగతి కూడా దాచలేదు. ఆయన తెగిన నరం ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"గంజి మీ అమ్మ కాచినాదా, నువ్వు కాచినావా?"

అమ్మే కాచిందన్నాను.

"బాగా కాచినాది" అన్నాడు. "నూలుకు గంజి పెట్టాల. నరానికి పెడితే పెళుసైతాది."

ఆయనకు అంతకు ముందే తెలుసా అని అడిగాను. నేను చేయి ఆడించుకునేటప్పుడు నాలుగు బంతుల సప్పుడు విన్నాడట. పొద్దు గుంకేలోపల తెగుతుందని తెలిసి, పోయి కుర్రాళ్ల బ్యాటు అడిగి తెచ్చి కడవ వెనక పెట్టాడట.

"మరి నాకు యాల సెప్పల్యా అన్నా?"

"సెప్పింటే నువ్వు భయానికి సెయ్యి ఆడించలేవు. తెగితే తెగనీ అనుకుంటి. నేనుండాను గదా."

పర్మనెంటు అయ్యాను, పెళ్లయింది. మా పెళ్లికి దస్తగిరన్న తనే దూది ఏకి పరుపు కుట్టి ఇచ్చాడు. ఎనభైల్లో మిల్లు మూతబడ్డాక నేను ఎమ్మిగనూరు తిరిగి వచ్చి నాలుగు మగ్గాలు పెట్టుకున్నాను. కొత్తగా చేరిన పిల్లలు పడుగు పాడుచేస్తారని చూడగానే తెలిసిపోతుంది. చెప్పను. లోపలి గదిలో ఇంకో పడుగు గంజి పట్టించి సిద్ధంగా ఉంచుతాను. నాకు తెలిసిన గొప్పతనం అంతే.

దూదేకే మనిషి మొన్న పని ముగించి, మెత్తగా పొంగిన దూదిని తిరిగి కుట్టి ఇచ్చాడు. ఇంత పాతదైనా దూది భలే మంచిదన్నాడు, ఎక్కడిదని అడిగాడు. మా పెళ్లి పరుపు అని సువర్ణ చెప్పింది. ఆమె దాన్ని మళ్లీ అటక మీద పెట్టనివ్వలేదు, మంచం మీద పరిచింది.