మీసాలు మినహాయించి

మా పెద్దమ్మను ఆఫీసులో పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ ఆవిడ స్కేలక్క. గోధుమ పరిశోధన కేంద్రంలో కలుపు తీసే పనికి చేరి, మూడేళ్ళు తిరగకుండానే కొలతలు రాసే పనికి మారింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు వరస వరసకీ వంగి మొక్క ఎత్తు, పూత తేదీ, వెన్నులో, అంటే కంకిలో, గింజల లెక్క రాసింది. ఏటా పుస్తకం మొదటి పేజీలో మాత్రం అంకెలుండవు. దేన్ని ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొలిచిందో అక్కడ రాసుకునేది. ఎవరూ చెప్పిన పని కాదది.

ఆ ఇరవై రెండో ఏడాది నాలుగు కేంద్రాల పట్టికలనూ కలిపి, ఎవరైనా వాడుకునేలా పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించే పని నాది. చూస్తే, ఒకే విత్తనం మా దగ్గరకంటే పక్క కేంద్రంలో ఏడు సెంటీమీటర్లు ఎక్కువ పెరిగింది. మా ఆఫీసరు సంబరపడిపోయారు.

“ఆ నేలలో ఏదో మహత్యం ఉందమ్మా!”

పెద్దమ్మ పట్టిక మీద వేలు పెట్టి, “మహత్యం కాదు సార్, మీసాలు,” అంది. వెన్ను మీద నిక్కే సన్నటి ముళ్ళను మేం మీసాలంటాం. “వాళ్ళు మీసాల కొసదాకా కొలిచుంటారు. జుట్టు నిక్కబొడుచుకుంటే మనిషి ఎత్తు పెరిగినట్టా?”

ఫోన్ చేసి అడిగితే, అదే నిజమని తేలింది.

నాలుగు కేంద్రాలవాళ్ళూ కూర్చున్నారు. పెద్దమ్మకు తలుపు పక్కన కుర్చీ వేశారు. ‘మొక్క ఎత్తు’ అనే రెండు మాటల మీదే భోజనాల వేళదాకా తర్జనభర్జన. ఆవిడ చప్పుడు కాకుండా బయటికెళ్ళి, కుండీతో సహా ఒక మొక్కను తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఎత్తు ఎక్కడ ఆగుతుందో తలా ఒక వేలు పెట్టి చూపించండి.”

ఆరుగురు వేళ్ళు పెట్టారు. అవి నాలుగు చోట్ల పడ్డాయి. గది గొల్లుమంది.

ఆ నవ్వుతో బిగువు సడలి పని చకచకా సాగింది. ఎత్తంటే నేల నుంచి వెన్ను కొసదాకా, మీసాలు మినహాయించి, సెంటీమీటర్లలో. పూత తేదీ అంటే వరసలో సగం మొక్కలు పూసిన రోజు.

అక్కడ పెద్దమ్మ లేచి నిలబడింది. “కొలతల పనికి మారాక నా మొదటి మూడేళ్ళ తేదీలు తొలి పువ్వు చూసి రాసినవి. వాటిని మిగతావాటిలో కలపకండి.”

“ఉండనివ్వమ్మా, ఎవరికి తెలుస్తుంది?” అన్నారు ఆఫీసరు.

“నాకు తెలుసు కదా సార్.”

ఆ మూడేళ్ళకూ వేరే గడి పెట్టించిగాని కూర్చోలేదు.

పక్క కేంద్రం పాత పుస్తకాల్లో ఏ ఏడు ఎలా కొలిచారో రాసి లేదు. కొలిచినవాళ్ళూ లేరు. పాపం, ఆ అంకెలు పక్కన పెట్టేయాల్సి వచ్చింది. మావి ఇరవై రెండేళ్ళవీ నిలిచాయి. ఆవేళ నేను నేలమీద నడవలేదు.

మాటల అర్థాలన్నీ బొమ్మలతో ఒక చిన్న పుస్తకంగా అచ్చయ్యాయి. దాన్ని మరో పదకొండు కేంద్రాలు తీసుకున్నాయి. రెండేళ్ళ తర్వాత, మేమెన్నడూ చూడని ఒక దూరదేశపు విద్యార్థిని మా పట్టికలతో చేసిన పరిశోధనను పంపింది. పెద్దమ్మకు చదివి వినిపించాను.

“మన అంకెల గురించి ఏమడిగింది?”

“ఏమీ అడగలేదు పెద్దమ్మా.”

“అయితే అర్థమైందన్నమాట,” అంటూ టోపీ పెట్టుకుని పొలంలోకి నడిచింది.